సంత మర్నాడు చచ్చే సర్వర్

వెంకటప్ప మెట్లెక్కి పైకి వచ్చేసరికి తాజుద్దీన్ గాజు క్యాబిన్ తుడుస్తున్నాడు. ఆ క్యాబిన్ ఒకప్పుడు అతని ఎస్టీడీ బూత్. మదనపల్లెలో తోపుడుబండి వాళ్ళ చేతుల్లోకి కూడా సెల్‌ఫోన్లు వచ్చేశాక బూత్ మూతపడింది, క్యాబిన్ మాత్రం మిగిలింది. దాన్ని తూకానికి వేయడానికి మనసొప్పక, బెంగుళూరు బస్టాండు వెనక మేడ మీదున్న నాగరత్నమ్మ ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీలోకి మోయించాడు. క్యాబిన్‌తో పాటు తనూ అసిస్టెంటుగా చేరిపోయాడు.

నాగరత్నమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి, ఆటోమేటిక్ మిషన్లు వచ్చాక ముందుగానే రిటైరైన మనిషి. ట్రంకు కాల్ కలుపుతూ అవతలివాడి ఊపిరిని బట్టి అబద్ధమో నిజమో చెప్పగలదని ఊళ్ళో పేరు. తాజుద్దీన్‌కి ఆ విషయంలో రవ్వంత అనుమానం కూడా లేదు. ఆమె ఇప్పటిదాకా పట్టింది తప్పిపోయిన గేదెలనూ, పెళ్ళిచూపుల్లో వయసు దాచిన మగపెళ్ళివాళ్ళనూ మాత్రమే అయినా, అతని దృష్టిలో ఆమెకు తగ్గ నేరం చిత్తూరు జిల్లాలో ఇంకా జరగలేదు, అంతే.

వెంకటప్ప కూర్చోమనకముందే కూర్చున్నాడు. మనిషి నిలువునా వణుకుతున్నాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "అమ్మా, నన్ను నిలువునా ముంచేస్తాండారు," అన్నాడు. అంతలో అతని కళ్ళు గాజు క్యాబిన్ మీద పడ్డాయి. వణుకు ఆగింది. లేచి వెళ్ళి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అద్దం మీద వేలితో కొట్టి చూసి, తలుపు తెరిచి మూసి, ఎంతకిస్తావని తాజుద్దీన్‌ని అడిగాడు. తాజుద్దీన్ ఒక రేటు చెప్పాడు. వెంకటప్ప అందులో సగం చెప్పాడు. తాజుద్దీన్ తల అడ్డంగా ఊపాడు. "సూద్దాంలే," అంటూ వెంకటప్ప మళ్ళీ వచ్చి కూర్చుని, వణకడం ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి మొదలుపెట్టాడు.

అతను చెప్పింది ఇది. వెంకటప్ప తండ్రి పుంగనూరు సంతలో గొడ్ల దళారి. వెంకటప్పా దళారే. కానీ లోకంతో పాటు నడవాలన్న ఉబలాటం కొంచెం ఎక్కువున్న మనిషి కాబట్టి, బెంగుళూరులో ఎవరో చెప్పింది విని, 'వెంకటప్ప సంత డాట్ కామ్' అని ఒక వెబ్‌సైట్ పెట్టించాడు. పుంగనూరు, మదనపల్లె, కుప్పం, మూడుచోట్లా కౌంటర్లు తెరిచాడు. రైతు గొడ్డును తోలుకొస్తే ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి ఫొటోలు తీస్తారు. నోరు తెరిపించి పళ్ళ ఫొటో కూడా తీస్తారు, పళ్ళు చూడకుండా గొడ్డును కొనేవాడు ఈ సీమలో ఇంకా పుట్టలేదు కాబట్టి. దళారి ఏ ఊరి కౌంటర్లో కూర్చునైనా ఆ ఫొటోలు చూసి బేరమాడవచ్చు. ఈ మూడు కౌంటర్లకూ జవాబు చెప్పే పెద్ద కంప్యూటర్, దాన్ని సర్వర్ అంటారు, కుప్పంలో ఉంది.

శ్రావణం నుంచి ఆ సర్వర్‌కి ఏదో పట్టుకుంది. సంత రోజు బాగానే ఉంటుంది. సంత మర్నాడు పొద్దున్నుంచీ నీరసపడి, ఒక్కో జవాబుకీ ఆయాసపడి, మధ్యాహ్నానికి చస్తుంది. వెంకటప్ప మేనల్లుడు పవన్ కుమార్ పరుగెత్తి దాన్ని బతికిస్తాడు. సర్వర్‌కి ప్రోగ్రామ్ రాసింది మునీశ్వరి అని కుప్పం అమ్మాయి. ఆమెని అడిగితే, మెమరీ లీకవుతోంది, ఎక్కడో ఇంకా దొరకలేదు అంది. కుండ చేసినదానికి చిల్లి ఎక్కడుందో తెలీకపోవడమేమిటి అని వెంకటప్పకి మండింది. ఇది కావాలని పెట్టిన చిల్లే, పోటీవాళ్ళెవరో ఆ పిల్లను కొనేశారు అని తీర్మానించుకుని, కుప్పం వెళ్ళి వాళ్ళ వీధిలో నిలబడి, దొంగ అని వీధంతా వినబడేలా అరిచాడు. అక్కడి నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కి పోయాడు. ఎస్సై ఏం పోయిందని అడిగాడు. మెమరీ అని చెప్పాడు. అది ఏ రంగులో ఉంటుందని అడిగి, రుజువు తెచ్చుకో పొమ్మన్నాడు ఎస్సై.

"ఆ రుజువు నువ్వు పట్టియ్యాలమ్మా. ఈ సంత దాటినాక ఆ పిల్లను స్టేషన్‌కు పట్టిస్తా. ఇంగ యాడా పని దొరక్కుండా చేస్తా," అన్నాడు వెంకటప్ప.

నాగరత్నమ్మ చెనిక్కాయలు వలుచుకుంటూ అంతా విన్నది. ఆలోచన పట్టినప్పుడు ఆమెకి వేరుశనగలు కావాలి. "శ్రావణంలో సరిగ్గా ఎప్పుడు మొదలైందప్పా?" అని అడిగింది.

"ఆ పిల్ల వాళ్ళ చిన్నాయన ఇంట్లో పెండ్లని కోలారు పొయ్యింది సూడు, అప్పుడు."

"అంటే ఆమె ఊర్లో లేనప్పుడా?"

"లేనప్పుడే. పోతా పోతా ఏదో పెట్టిపొయ్యింది."

నాగరత్నమ్మ ఒక తొక్కను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. కేసు తీసుకుంటాననీ, కానీ వేలు ఎవరి వైపు చూపిస్తే వాళ్ళే దొంగని ఒప్పుకోవాలనీ అంది. ఎవరైనా సరే, తన సొంత నీడైనా సరే అని వెంకటప్ప తువ్వాలు మీద ఒట్టేశాడు.

సంత రోజు నాగరత్నమ్మా తాజుద్దీనూ పుంగనూరు పోయారు. మైదానమంతా గొడ్లూ, మనుషులూ, దుమ్మూ. దళారులు ఒకరి చేయి ఒకరు తువ్వాలు కింద పట్టుకుని వేళ్ళతో రేట్లు చెప్పుకుంటున్నారు. మైదానం పక్కన వెంకటప్ప కౌంటర్ ఉంది. అందులో కంప్యూటర్ ముందు తాహిర్ కూర్చున్నాడు. సంతలో అందరికన్నా ఎక్కువ బేరాలు నడిపే దళారి అతనే. అతనికి పాతపద్ధతి ఎంత అలవాటంటే, కీబోర్డు మీద కూడా తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్ళాడిస్తున్నాడు.

నాగరత్నమ్మ అడిగితే తువ్వాలు తీసి చూపించాడు. ఇంగ్లీషు చదవలేని దళారుల కోసం మునీశ్వరి మూడు బటన్ల మీద మూడు రంగుల స్టిక్కర్ బొట్టుబిళ్ళలు అంటించిందట. పసుపు బొట్టు నొక్కితే బేరం మొదలైనట్టు. ఆకుపచ్చది నొక్కితే కుదిరినట్టు. ఎర్రది నొక్కితే కుదరనట్టు. పసుపు బొట్టు చేతిమురికికి పూర్తిగా నల్లబడిపోయింది. ఆకుపచ్చది సగం ఊడి బంక మిగిలింది. ఎర్ర బొట్టు మాత్రం అప్పుడే ముఖం కడిగి పెట్టుకున్నట్టు తళతళలాడుతోంది.

వాళ్ళు చూస్తుండగానే తాహిర్ కుప్పం కౌంటర్లో ఉన్న ఒక కోడెగిత్త బొమ్మ తెరిచాడు. దాని పళ్ళు పెద్దవి చేసి చూశాడు. పసుపు నొక్కాడు. రేటు పంపాడు. అవతలివాడు దిగలేదు. తాహిర్ కాసేపు గడ్డం గోక్కుని, ఆ గిత్తను అలాగే వదిలేసి ఇంకో ఆవు బొమ్మ తెరిచాడు.

"గిత్త బేరం తెగిపోయిందా?" అని అడిగింది నాగరత్నమ్మ.

తాహిర్ నాలుక కరుచుకున్నాడు. "అట్లనగూడదక్కా. నడస్తాండాది."

"నువ్వు లేచి పోతే?"

"పోయినా నడస్తా ఉంటాది. గొడ్డుగలాయన ముఖమ్మీద కుదరదని యాల సెప్తాం? మళ్ళా వాళ్ళ ఇంటి దావ తొక్కాలి గదా. సూద్దాం అని సెయ్యి తీసేసుకుంటాం, అంతే."

వెంకటప్ప కూడా ఇలాగే చేస్తాడా అని ఆమె అడిగింది. తాహిర్ పెద్దగా నవ్వాడు. తన దగ్గరున్న పొట్టి పుంగనూరు ఆవును వెంకటప్ప ఎండాకాలం నుంచి బేరం చేస్తున్నాడట. కొనడు, వదలడు. నడుమ ఆ బేరాన్ని మొదటిసారి కంప్యూటర్లోకి ఎక్కించాక అది రాత్రికి రాత్రి మాయమైపోతే వెంకటప్ప కౌంటర్ ఎక్కి చేసిన గలాటా అంతాయింతా కాదట. అది ఎప్పుడని అడిగితే శ్రావణం ముందర అన్నాడు తాహిర్.

కుప్పం బస్సులో తాజుద్దీన్ తన పరిశోధన బయటపెట్టాడు. ఎర్ర బొట్టు ఒక్కటే కొత్తగా ఉందంటే దాన్ని ఎవరో తరచూ మారుస్తున్నారన్నమాట. బొట్టుబిళ్ళలు మగవాళ్ళ జేబులో ఉండవు. కాబట్టి మునీశ్వరి రహస్యంగా పుంగనూరు వస్తోంది, ఆ బొట్టు కింద ఏదో దాస్తోంది. చెప్పడం పూర్తయ్యాక మెప్పు కోసం ఎదురుచూశాడు. నాగరత్నమ్మ అతనికి గుప్పెడు చెనిక్కాయలిచ్చింది. పలమనేరు దాటేదాకా అతను దాన్ని మెప్పుగానే లెక్కేసుకున్నాడు.

సర్వర్ గది కుప్పంలో రైల్వే స్టేషన్‌కి పోయే దారిలో ఒక మిద్దె మీద ఉంది. బయట ఎండ మండిపోతోంది. లోపల ఏసీ చలికి పవన్ కుమార్ స్వెట్టర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, ఒడిలో ఫ్లాస్కు పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. సర్వర్‌ని ఎన్నిసార్లు చావు నుంచి తప్పించాడో నాగరత్నమ్మకి వర్ణించి చెప్పాడు. వాళ్ళ మామ ఆ సేవకి మెచ్చి తనకి మోటారుసైకిల్ కొనిచ్చాడని కూడా చెప్పాడు.

మునీశ్వరి గది బయట వరండాలో, చెప్పుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. దొంగ అన్న రోజు నుంచి ఆమెను సర్వర్ ముట్టుకోనివ్వడంలేదు. పని మానేస్తే నేరం ఒప్పుకున్నట్టవుతుందని రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటోంది. కళ్ళ కింద నలుపు చేరింది. వాళ్ళమ్మ మునిరత్నమ్మ ఆ అరుపుల రోజు నుంచి కుళాయి దగ్గరికి కూడా పోవడంలేదనీ, నీళ్ళు తనే తెస్తున్నాననీ చెప్పింది. తాజుద్దీన్ బొట్టుబిళ్ళల సంగతి కాస్త పక్కకి నెట్టాడు. ఈ పిల్ల దొంగైతే బాగుండదని అతనికి మొదటిసారి అనిపించింది.

నాగరత్నమ్మ నేల మీద ఆమె పక్కనే కూర్చుంది. "నాకు అర్థమయ్యేటట్టు చెప్పమ్మా. మెమరీ అంటే ఏంది? అది కారడమేంది?"

మునీశ్వరి కొంచెం ఆలోచించి, సంతమైదానం అనుకోమంది. ఎవరైనా ఒక గొడ్డు బొమ్మ అడగ్గానే సర్వర్ ఆ ఫొటోలన్నీ తెచ్చి మైదానంలో నిలబెడుతుంది. ఆ మైదానమే మెమరీ. మైదానాన్ని ఊడ్చే మనిషి కూడా ఒకడు లోపలే ఉంటాడు. పని అయిపోయినవాటిని అప్పుడప్పుడూ వాడే ఊడ్చేసి చోటు చేస్తాడు. "కానీ గుంజకు కట్టేసిన గొడ్డును మాత్రం వాడు ముట్టుకోడు మేడమ్. ఎవరో మళ్ళా వస్తారని వదిలేస్తాడు. ఎవరో యాడనో కట్టేసి, విప్పకుండా పోతాండారు. మైదానం నిండిపోయి సర్వర్ ఊపిరాడక సస్తాండాది."

"ఆ కట్టేసిందేందో చూస్తే ఎవరిదో తెలియదా?"

"తెలుస్తాది. సచ్చేముందు మైదానాన్నంతా ఫొటో తీసినట్టు తీసి చూడచ్చు. కానీ పవన్ నా కన్నా ముందే రీస్టార్ట్ కొట్టేస్తాడు. కొడితే మైదానం ఖాళీ. ఏమీ మిగలదు."

పోస్టుమార్టం చేయకుండానే శవాన్ని లేపి నడిపిస్తున్నారన్నమాట అంది నాగరత్నమ్మ. రాత్రి ఎవరూ కౌంటర్లలో లేనప్పుడు మైదానం ఎలా ఉంటుందని అడిగింది. పగలు ఎంత నిండిందో అంతే ఉంటుందని మునీశ్వరి చెప్పింది. నాగరత్నమ్మ తల పంకించింది. ఎక్స్‌ఛేంజిలో ఆమె ఎన్నోసార్లు చూసిన సంగతే అది. మాట్లాడేవాళ్ళెవరూ ఉండరు, లైన్ మాత్రం బిజీ. వెతికితే ఎవరో పెద్దమనిషి రిసీవర్ కింద పెట్టకుండా భోజనానికి పోయి ఉంటాడు.

మర్నాడు మధ్యాహ్నం సర్వర్ మాట తప్పకుండా చావడానికి సిద్ధమైంది. తెర మీద మెమరీ ఎంత నిండిందో చూపించే గీత పైకెక్కి కప్పుకి తగిలింది. పవన్ కుమార్ వీరుడిలా లేచి బటన్ మీద చేయి వేయబోయాడు. నాగరత్నమ్మ అతని మణికట్టు పట్టుకుని, తనకు తెలిసిన అన్ని మర్యాదలతోనూ వరండాలో చెప్పుల పక్కన కూర్చోబెట్టింది. వెంకటప్పకి ఫోన్ చేసి, మునీశ్వరిని సర్వర్ ముట్టుకోనివ్వడానికి ఒప్పించింది. ఆ అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. మెమరీలో ఉన్నదంతా బయటికి తీసి, ఒక్కొక్కటే విప్పి చూడసాగింది.

పళ్ళు వచ్చాయి. ఆవు పళ్ళు, ఎద్దు పళ్ళు, గేదె పళ్ళు. తెర నిండా తెరిచిన నోళ్ళే. కిందికి జరిపినకొద్దీ ఇంకా పళ్ళు. తాజుద్దీన్‌కి తన సొంత పళ్ళు నొప్పి పుట్టినట్టనిపించింది.

"ఇవన్నీ ఏ బేరాలవి?" అంది నాగరత్నమ్మ.

అన్నీ మొదలై ముగియని బేరాలే. ముగించని బేరం దానంతట అది ఎప్పుడు పోతుందని నాగరత్నమ్మ అడిగింది. దీపాలు పెట్టే వేళకు అదే మూసుకుపోయేలా మొదట్లోనే రాశానని మునీశ్వరి చెప్పింది. అది ఇప్పటికీ ఉందేమో చూడమంది నాగరత్నమ్మ. అమ్మాయి వెతికింది. మళ్ళీ వెతికింది. చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఏదో చెప్పబోతుంటే నాగరత్నమ్మ ఆమె భుజం మీద చేయి వేసి, రేపు అందరి ముందూ చెబుదువులే అంది. తాజుద్దీన్ పక్కనే ఉండి కూడా ఏమీ అర్థం కాక, అంతా అర్థమైన ముఖం పెట్టాడు.

మర్నాడు పొద్దున సర్వర్ గదిలో అందరూ చేరారు. వెంకటప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎస్సైకి చూపించడానికి రుజువు పట్టుకుపోయేందుకు ఒక సంచీ కూడా తెచ్చుకున్నాడు. తాహిర్ ఇంకో ముగ్గురు దళారులను జీపులో వేసుకొచ్చాడు. పవన్ కుమార్ మంకీ క్యాప్‌లో తల దాచుకున్నాడు. మునీశ్వరి గోడకి ఆనుకుని నిలబడింది.

"వెంకటప్పా, నీ మెమరీని ఎవరూ దొంగిలించలేదు. అంతా ఆడనే ఉండాది. పట్టుకున్నోళ్ళు ఎవరూ వదిలిపెట్టడంలేదు, అదే నీ రోగం," అని నాగరత్నమ్మ మొదలుపెట్టింది.

ఆమె మైదానం సంగతి, ఊడ్చే మనిషి సంగతి చెప్పింది. తర్వాత కుప్పం కౌంటర్ కీబోర్డు తెప్పించి బొట్లు చూపించింది. ఇక్కడా అంతే. పసుపు నల్లబడింది, ఆకుపచ్చ అరిగింది, ఎర్రది కొత్త పెళ్ళికూతురిలా ఉంది. ఎవరో మారుస్తున్నారని తాజుద్దీన్ అనుకున్నాడనీ, కానీ ఎవరూ ముట్టుకోని వస్తువే ఎప్పటికీ కొత్తగా ఉంటుందనీ అంది. తాజుద్దీన్ కిటికీలోంచి బయటి రోడ్డును శ్రద్ధగా చూడసాగాడు.

"మొదలుపెట్టిన బేరాల్లో కుదిరేవి కొన్నే. మిగతావాటికి ఎర్రది నొక్కాల. తాహిర్, మొన్నటి గిత్త బేరం పోయింది గదా, నొక్కు."

తాహిర్ రెండు చేతులూ తువ్వాల్లో దాచుకున్నాడు. మిగతా దళారులు ఒక అడుగు వెనక్కి వేశారు.

"సూసినావా వెంకటప్పా? కుదరదనే మాట వీళ్ళ నోట రాదు, వేలితోనూ రాదు. నీ నోట్లోనూ రాదు. మొన్న అంత భయంలోనూ మా క్యాబిన్‌ని బేరమాడి ఔననకుండా కాదనకుండా వదిలేసి పోయినావు. నువ్వు వదిలేసే ప్రతి బేరం వెనకా ఒక గొడ్డు, ఆ గొడ్డు పళ్ళు గుంజకు కట్టేసినట్టు సర్వర్లో నిలబడిపోతాయి. సంతరోజంతా కట్టేసుకుంటా పోతారు. మర్నాటికి మైదానంలో కాలు పెట్టే చోటుండదు."

"మరి శ్రావణం ముందర యాల సావలేదు?" అన్నాడు వెంకటప్ప. ప్రశ్న బాగుందని అతనికే అనిపించి చుట్టూ చూశాడు.

"ఎందుకంటే ఈ పిల్ల మీ సంగతి ముందే పసిగట్టింది. సాయంత్రానికి తేలని బేరాలను సర్వరే విప్పేసేలా రాసింది. ఆమె కోలారు పెండ్లిలో ఉన్నప్పుడు ఆ రాసింది ఎవరో తీసేసినారు. ఆమెకు చెప్పలేదు. ఎవరప్పా ఆ పని చేసింది, పవన్ కుమార్?"

మంకీ క్యాప్ లోపలి నుంచి సన్నగా గొంతు వచ్చింది. "మామే సెప్పినాడు."

"నేనెప్పుడు సెప్పినాన్రా?"

"తాహిరన్న ఆవు బేరం రాత్రికి రాత్రి మాయమైంది గదా మామా. ఎవరు తెంపినారో వాళ్ళ సేతులిరగ్గొడతా, ఇంగ మన సంతలో ఏ బేరమూ నేను సెప్పకుండా తెగగూడదు అన్నావు గదా. నేను రాత్రంతా కూర్చోని వెతికి ఆ నాలుగు లైన్లు తీసేసినా. నా సేత్తో నేను సేసిన మొదటి ప్రోగ్రామ్ అది."

ఆ తర్వాత సర్వర్ చావడం మొదలైందనీ, ఎందుకో తనకి సగం తెలిసినా చెప్పడానికి భయమేసిందనీ, అంతలో బతికించినందుకు మోటారుసైకిల్ వచ్చిందనీ పవన్ ఒప్పుకున్నాడు. మోటారుసైకిల్ వచ్చాక నిజం చెప్పడం మరీ కష్టమైపోయిందట.

నాగరత్నమ్మ వేలెత్తి చూపించింది. ఆ వేలు నేరుగా వెంకటప్ప ఇస్త్రీ చొక్కా రెండో గుండీ మీద ఆగింది. తాజుద్దీన్ గుండె పొంగిపోయింది. ఫీజు ఇచ్చే మనిషినే పట్టుకున్న డిటెక్టివ్ ఈ జిల్లాలో ఇంకెవరున్నారు?

వెంకటప్ప ఖాళీ సంచీని మడిచి చంకలో పెట్టుకున్నాడు. నాగరత్నమ్మ తెర మీద ఒక బేరం తెరిపించింది. తాహిర్ పొట్టి ఆవు, ఎండాకాలం నుంచి తేలనిది, సర్వర్ చచ్చి లేచిన ప్రతిసారీ వెంకటప్ప మళ్ళీ పసుపు నొక్కి కట్టేస్తున్నది. "నీ ముడి నువ్వే విప్పు," అంది.

వెంకటప్ప ఎర్ర బొట్టు మీదికి వేలు తెచ్చాడు. తాహిర్ అతని కళ్ళలోకి చూస్తున్నాడు. తండ్రి కాలం నుంచి ఎవరి ముఖం మీదా కుదరదు అనని వంశం. వేలు పక్కకి జరిగి ఆకుపచ్చ బొట్టు మీద పడింది. తాహిర్ ముబారక్ అంటూ వచ్చి కావలించుకున్నాడు. తను చెప్పిన రేటుకే ఆవు అమ్ముడుపోయిందని అప్పటికే లెక్క చూసుకున్నాడు.

దళారులకి ఇంకో బెంగ పట్టుకుంది. మళ్ళీ సాయంత్రానికల్లా బేరాలు తెగిపోతాయా అని అడిగారు. అప్పుడు మునీశ్వరి మొదటిసారి నోరు విప్పింది. తెంపననీ, తేలని బేరాలను మైదానంలోంచి విప్పి వెనక కొట్టంలో కట్టేస్తాననీ, అంటే మెమరీలోంచి తీసి డిస్కులో భద్రపరుస్తాననీ చెప్పింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పసుపు నొక్కితే మళ్ళీ వస్తాయి. ఏ బేరమూ చావదు, సర్వరూ చావదు. అక్కడే కూర్చుని మధ్యాహ్నానికి రాసి చూపించింది. ఆమె ఆఖరి బటన్ నొక్కగానే కప్పుకి తగిలి ఉన్న గీత కిందికి జారి నేలకి దిగింది. అందరూ నోరు తెరుచుకుని చూశారు. పవన్ కుమార్ ఒక్కడే చప్పట్లు కొట్టి, ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు.

వెంకటప్ప మునీశ్వరి దగ్గరికి వచ్చి, జరిగిందేదో జరిగింది, రేపటి నుంచి లోపలే కూర్చో, జీతం పెంచుతా అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"జీతం మాట తర్వాత మాట్లాడుదాంలేప్పా. మాయమ్మ ఇల్లు దాటి బయటికి రావడంలేదు," అంది. ముఖం పక్కకి తిప్పుకుంది.

వెంకటప్ప కాసేపు తువ్వాలు నలిపాడు. తర్వాత మెట్లు దిగి నడవడం మొదలుపెట్టాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు, అందరూ వెనకే నడిచారు. మునీశ్వరి వాళ్ళ వీధిలో కుళాయి దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి. ఆడవాళ్ళు అతన్ని గుర్తుపట్టి మాటలాపేశారు. మునిరత్నమ్మ ఇంటి తలుపు సగం మూసి ఉంది. అతను గడప ముందు నిలబడి చేతులు కట్టుకుని, తప్పు తనదేననీ, మీ బిడ్డ బంగారమనీ, మనసులో పెట్టుకోవద్దనీ మెల్లగా చెప్పాడు.

తలుపు వెనక నుంచి మునిరత్నమ్మ వచ్చింది. పొట్టి మనిషి. పమిట నడుముకి దోపుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ పొద్దు ఇంత మెల్లగా సెప్పినావా అప్పా?"

వెంకటప్ప బిత్తరపోయాడు. వీధి చూశాడు. బిందెలు చూశాడు. తాహిర్‌ని, దళారులని, నాగరత్నమ్మని చూశాడు. ఎవరూ సాయానికి రాలేదు. అప్పుడతను సంతలో గొడ్లను అరిచి పిలిచే మనిషి కాబట్టి, ఊపిరి నిండా పీల్చుకుని, వీధి ఆ చివరి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నవాళ్ళు తిరిగి చూసేలా అరిచాడు.

"మునీశ్వరి దొంగ కాదు. తప్పు సేసింది నేను. వెంకటప్పను. పుంగనూరు వెంకటప్పను."

వీధి మొత్తం విన్నది. ఒక ఇంట్లో రేడియో కట్టేశారు. మునిరత్నమ్మ అలాగే నిలబడి ఇంకోసారి అనమంది. ఇంకోసారి అరిచాడు, ఈసారి గొంతు మధ్యలో చీరుకుపోయింది. తాజుద్దీన్‌కి కళ్ళు తడిశాయి, దుమ్ము పడిందని తనకి తానే చెప్పుకున్నాడు. మునీశ్వరి వాళ్ళమ్మ భుజం మీద తల వాల్చి, ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

మునిరత్నమ్మ బిడ్డ వీపు నిమిరి, కళ్ళు తుడిచి, లోపలికి పోయింది. బయటికి వచ్చినప్పుడు ఆమె నడుము మీద బిందె ఉంది. వెంకటప్పని దాటుకుని, వీధి మధ్యలో నుంచి నడుచుకుంటూ కుళాయి దగ్గరికి పోయింది. ఆడవాళ్ళు జరిగి ఆమెకి చోటిచ్చారు.